కిట్ ఇవ్వడం ఎవరి పని? పెద్దపేగు క్యాన్సర్ స్క్రీనింగ్ క్లినిక్‌లలో అమలయ్యే తీరు

సభకు నమస్కారం.

అమెరికాలో ఏటా దాదాపు లక్షా యాభై వేల మందికి పెద్దపేగు, మలాశయ క్యాన్సర్ కొత్తగా బయటపడుతోంది. యాభై వేల మందికి పైగా దీనితో చనిపోతున్నారు. స్త్రీ పురుషులను కలిపి లెక్కిస్తే, క్యాన్సర్ మరణాలకు ఈ దేశంలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తర్వాత ఇదే పెద్ద కారణం. ఈ సభలో వైద్యులు, నర్సులు, క్లినిక్‌లు నడిపేవారు ఎక్కువమంది ఉన్నారు కనుక జబ్బు గురించి వివరంగా చెప్పను. ఒక్క సంగతి మాత్రం గుర్తుచేస్తాను. ఈ క్యాన్సర్ చాలావరకు పేగు లోపలి పొర మీద మొలిచే పాలిప్ అనే చిన్న కండతో మొదలవుతుంది. అది క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా పదేళ్లో అంతకంటే ఎక్కువో పడుతుంది. ఈ లోపు దాన్ని కనిపెట్టి తీసేయగలిగితే ఆ క్యాన్సర్ వచ్చే అవకాశమే పోతుంది. పెద్ద జబ్బుల్లో ఇంత సుదీర్ఘమైన గడువు ఇచ్చేవి చాలా తక్కువ. అంత గడువు ఉండి కూడా మనుషులు పోతున్నారంటే ఆ లోపం వైద్యశాస్త్రంలో లేదు, ఆ శాస్త్రాన్ని మనిషి దాకా చేర్చే ఏర్పాటులో ఉంది.

స్క్రీనింగ్, అంటే జబ్బు లక్షణాలేవీ లేనప్పుడే చేసే పరీక్ష, పనిచేస్తుందనడానికి సాక్ష్యం నిన్నమొన్నటిది కాదు. మిన్నెసోటాలో 46 వేల మందికి పైగా చేరిన అధ్యయనం ఫలితాలు 1993లో వచ్చాయి. ఏటా మలంలో రక్తం జాడ కోసం పరీక్ష చేయించుకున్నవారిలో ఈ క్యాన్సర్ మరణాలు మూడోవంతు తగ్గాయని అది చూపించింది. ఆ తర్వాత మలంలో రక్తం జాడనే పట్టే, అంతకంటే మెరుగైన, తేలికైన ఫిట్ అనే పరీక్ష వచ్చింది. పాత పరీక్షకు మూడు రోజుల నమూనాలు, తిండి విషయంలో ఆంక్షలు ఉండేవి. ఫిట్‌కు ఒక్క నమూనా చాలు, పథ్యం అక్కర్లేదు, ఇంట్లోనే చేసుకోవచ్చు. కెమెరా ఉన్న గొట్టంతో పెద్దపేగు లోపలంతా చూసే కొలనోస్కోపీ అయితే పదేళ్లకొకసారి, ఫిట్ అయితే ఏటా. యు.ఎస్. ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్ ఫోర్స్ అనే నిపుణుల సంఘం 2021లో స్క్రీనింగ్ మొదలుపెట్టే వయసును 50 నుంచి 45కు తగ్గించింది. అంటే ఏ పరీక్ష, ఎవరికి, ఎప్పుడు అన్న మూడు ప్రశ్నలకూ జవాబులున్నాయి. నాలుగో ప్రశ్న గురించే నేను ఈ రోజు మాట్లాడతాను: ఒక మామూలు క్లినిక్‌లో మంగళవారం ఉదయం ఇరవై మంది రోగులు వరసలో ఉన్నప్పుడు, ఆ పరీక్ష జరిగేలా చూసే పని ఎవరిది?

ఈ ప్రశ్నకు కూడా పరిశోధన కొంత జవాబు చెప్పింది. అమెరికాలో కమ్యూనిటీ ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్ ఫోర్స్ అనే మరో నిపుణుల సంఘం ఉంది. వచ్చిన అధ్యయనాలన్నీ కూడదీసి, ఏ పద్ధతులతో స్క్రీనింగ్ పెరుగుతుందో అది తేల్చి చెబుతుంది. రోగికి గడువు గుర్తుచేయడం, వైద్యుడికి రోగి ఎదురుగా ఉన్నప్పుడే గుర్తుచేయడం, ఒక్కో వైద్యుడి రోగుల్లో ఎంతమందికి పరీక్ష అయిందో లెక్కగట్టి ఆయనకు చూపించడం, దూరం, పనివేళలు, భాష వంటి అడ్డంకులు తగ్గించడం ఆ పద్ధతుల్లో ముఖ్యమైనవి. వీటిలో ఏదో ఒక్కటి కాక రెండు మూడు కలిపి చేస్తే ఫలితం బాగా పెరుగుతుందని కూడా ఆ సంఘం చెప్పింది. ఇందులో ఎవరికీ తెలియని రహస్యమేమీ లేదు. పోస్టులో ఉత్తరం పంపమనడం, ఫోన్ చేయమనడం ఏ క్లినిక్‌కూ కొత్త కాదు. అయినా ఈ పద్ధతులు కాగితం మీద ఉన్నంత బాగా క్లినిక్ గదిలో ఎందుకు కనిపించవన్నదే నన్ను చాలాకాలంగా వెంటాడుతున్న విషయం.

ముందు బాగా జరిగిన చోటు చూద్దాం. ఉత్తర కాలిఫోర్నియాలోని కైజర్ పర్మనెంటే సంస్థ 2006 నుంచి 2008 మధ్యలో తన సభ్యులకు ఫిట్ కిట్లను పోస్టులో ఇంటికి పంపడం మొదలుపెట్టింది. అంతకుముందు అక్కడ కూడా అందరిలాగే, రోగి క్లినిక్‌కు వచ్చినప్పుడు వైద్యుడికి గుర్తుంటే చెప్పేవారు, లేకపోతే లేదు. పద్ధతి మారాక, గడువు వచ్చిన ప్రతి సభ్యుడి పేరునూ కంప్యూటరే ఏరింది, కిట్ ఇంటికి వెళ్లింది, తిరిగి రాకపోతే గుర్తుచేసే ఉత్తరం వెళ్లింది. 2000లో సరైన గడువులో స్క్రీనింగ్ అయినవారు 38.9 శాతం. 2015 నాటికి 82.7 శాతం. ఆ కాలంలో ఈ క్యాన్సర్ మరణాలు సగానికి పైగా, కొత్త కేసులు నాలుగోవంతు తగ్గాయి. కొత్త మందు గానీ, కొత్త యంత్రం గానీ తెచ్చిన ఫలితం కాదిది. వైద్యుడి జ్ఞాపకశక్తి మీద ఆధారపడిన పనిని అక్కణ్ణుంచి తప్పించి, ఒక ఏర్పాటు మీద పెట్టడం వల్ల వచ్చిన ఫలితం.

వాషింగ్టన్ రాష్ట్రంలో జరిగిన మరో అధ్యయనం ఈ విషయాన్నే మెట్లు మెట్లుగా చూపించింది. 2013లో ప్రచురితమైన ఆ అధ్యయనంలో రోగులను నాలుగు గుంపులు చేశారు. మామూలు పద్ధతిలో వదిలేసిన గుంపులో రెండేళ్ల పాటు స్క్రీనింగ్ సక్రమంగా సాగింది 26 శాతానికే. రికార్డుల ఆధారంగా ఉత్తరం, కిట్, గుర్తుచేసే కాగితం పంపిన గుంపులో ఆ సంఖ్య దాదాపు 51 శాతం. దానికి మెడికల్ అసిస్టెంట్ ఫోన్ సాయం తోడైతే 57, నర్సు వెంట ఉండి దారి చూపితే 65 శాతానికి దగ్గరగా వచ్చింది. ఇక్కడ మీ దృష్టిని మొదటి మెట్టు మీదకు మళ్లిస్తాను. అన్నిటికంటే పెద్ద లాభం వచ్చింది అన్నిటికంటే చవకైన పని దగ్గర. నర్సు సాయం విలువైనదే, కాని ముందు ఉత్తరం, కిట్ వెళ్లాలి. నర్సును నియమించడానికి నిధులు రాలేదని ఉత్తరాలు కూడా మానేసిన క్లినిక్‌లను నేను చూశాను, అది మాత్రం చాలా బాధ కలిగిస్తుంది.

అయితే కైజర్‌ను చూపించి అందరినీ అలా చేయమనడం న్యాయం కాదు. కైజర్‌లో బీమా, ఆసుపత్రి, ల్యాబ్, రికార్డులు అన్నీ ఒకే గొడుగు కింద ఉంటాయి. అమెరికాలో పేదలకు, బీమా లేనివారికి, కొత్తగా వలస వచ్చినవారికి వైద్యం అందించేవి ఫెడరల్ సాయంతో నడిచే కమ్యూనిటీ హెల్త్ సెంటర్లు. సుమారు 1,400 సంస్థలు మూడు కోట్ల మందికి పైగా చూస్తున్నాయి. ఆ రోగుల చిరునామాలు మారుతుంటాయి, ఫోన్ నంబర్లు మారుతుంటాయి, సిబ్బంది కూడా మారుతుంటారు. ల్యాబ్ వేరే సంస్థది, కొలనోస్కోపీ చేసే నిపుణుడు మరో ఊళ్లో ఉంటాడు. పద్ధతి ఒకటే అయినా, అది దిగే నేల వేరు.

దీనికి చక్కటి ఉదాహరణ ఆరెగన్, కాలిఫోర్నియా రాష్ట్రాల్లోని 26 కమ్యూనిటీ క్లినిక్‌లలో జరిగిన స్టాప్ సి.ఆర్.సి. అనే అధ్యయనం. 2018లో దాని ఫలితాలు వచ్చాయి. పరిశోధకులు క్లినిక్‌ల ఎలక్ట్రానిక్ రికార్డుల్లోనే గడువు దాటిన రోగుల జాబితా తీసే ఏర్పాటు అమర్చి, సిబ్బందికి శిక్షణ ఇచ్చి, కిట్లు పోస్టులో పంపే పనిని క్లినిక్‌లకే అప్పగించారు. బయటి పరిశోధకులు వచ్చి చేసిపెట్టడం కాకుండా, క్లినిక్ తన సొంత మనుషులతో చేయగలదా అన్నది అసలు పరీక్ష. ఏడాదిలో ఫిట్ పూర్తిచేసినవారు ఈ క్లినిక్‌లలో 13.9 శాతం, మామూలు క్లినిక్‌లలో 10.4 శాతం. తేడా నిజమే, కాని చిన్నది. ఎందుకు చిన్నదో చూడబోతే అసలు కథ బయటపడింది. కిట్ పంపవలసిన రోగుల్లో నిజంగా పంపింది ఒక క్లినిక్‌లో 6.5 శాతానికైతే, మరో క్లినిక్‌లో 68 శాతానికి. రెండుచోట్లా అదే పద్ధతి, అదే సాఫ్ట్‌వేర్, అదే శిక్షణ. ఒకచోట కిట్లు పెట్టెల్లోనే ఉండిపోయాయి, ఇంకోచోట ఇళ్లకు చేరాయి. పద్ధతి పనిచేయలేదని ఈ అధ్యయనాన్ని చూసి తీర్మానించేవారితో నేను ఏకీభవించను. జరగని పనికి ఫలితం ఎలా వస్తుంది?

కాబట్టి మనం క్లినిక్ లోపలికి వెళ్లి చూడాలి. నేను పనిచేసిన ఒక క్లినిక్ పేరు చెప్పకుండా ఒక దృశ్యం వివరిస్తాను. ఫిట్ కిట్‌లో ఒక చిన్న సీసా, దాని మూతకు అంటుకుని ఒక సన్నటి పుల్ల, మలం నీళ్లకు తగలకుండా టాయిలెట్‌లో పరిచే ఒక కాగితం, సీసాను పెట్టి పంపే సంచి, ఒక కవరు ఉంటాయి. సీసా మీద లేబుల్. ఆ లేబుల్ మీద రోగి పేరు, పుట్టిన తేదీ, నమూనా తీసిన తేదీ ఉండాలి. మొదటి రెండూ క్లినిక్ వాళ్లే ముద్రించి అంటిస్తారు. మూడోది మాత్రం రోగి ఇంట్లో తన చేత్తో రాయాలి. ఆ క్లినిక్‌లో తిరిగొచ్చిన కిట్లలో చాలావాటి మీద ఆ మూడో గడి ఖాళీగా ఉండేది. నమూనా నిర్ణీత రోజుల్లోపు ల్యాబ్‌కు చేరకపోతే ఫలితం నమ్మదగినది కాదు కనుక, తేదీ లేని సీసాను ల్యాబ్ పరీక్షించకుండా తిప్పి పంపేస్తుంది. ఒకసారి బిడియం చంపుకుని నమూనా తీసి పంపిన మనిషికి ఫోన్ చేసి మళ్లీ తీయమంటే, చాలామంది తీయరు. అక్కడి మెడికల్ అసిస్టెంట్ ఒకామె ఆలోచించి చేసిన మార్పు ఏమిటంటే, కిట్ ఇచ్చేటప్పుడు తేదీ రాయవలసిన గడిని పసుపు రంగు పెన్నుతో గుర్తుపెట్టి, రోగికి చూపించి, "నమూనా తీసిన రోజు ఇక్కడ రాయండి" అని చెప్పడం. సీసా తిరిగి చేతికిచ్చే రోగినైతే, తీసుకునే ముందే ఆ గడి చూసి అడగడం. ఈ మార్పుకు ఏ గ్రాంటూ అవసరం కాలేదు. కాని ఆమెకు ఆ ఆలోచన రావడానికి ముందు, తిరస్కరించిన కిట్ల లెక్క ఆమె దాకా రావలసి వచ్చింది. అంతకుముందు ఆ లెక్క ల్యాబ్ నుంచి వచ్చే ఫ్యాక్సుల్లో ఎక్కడో పడి ఉండేది.

నేను కిట్ ఇవ్వడం ఎవరి పని అని మొదట అడిగింది ఇందుకే. చాలా క్లినిక్‌లలో ఫిట్ కిట్ ఇవ్వాలంటే వైద్యుడు ఆర్డర్ రాయాలి. వైద్యుడికి దొరికే పదిహేను, ఇరవై నిమిషాల్లో షుగరు, బీపీ, మోకాళ్ల నొప్పి, బీమా ఫారాలు అన్నీ ఉంటాయి. జబ్బు లేని మనిషికి రాబోయే జబ్బు గురించి చెప్పడం ఆ జాబితాలో చివరికి పోతుంది, ఆ చివరికి వచ్చేసరికి సమయం అయిపోతుంది. దీనికి విరుగుడుగా వచ్చినదే స్టాండింగ్ ఆర్డర్. అంటే, ఫలానా వయసులో ఉండి, స్క్రీనింగ్ గడువు దాటి, కుటుంబంలో ఈ క్యాన్సర్ వంటి ప్రత్యేక ప్రమాదమేదీ లేని ప్రతి రోగికీ, వైద్యుణ్ణి అడగకుండానే నర్సు గానీ మెడికల్ అసిస్టెంట్ గానీ కిట్ ఇవ్వవచ్చని క్లినిక్ ముందే రాసి సంతకం చేసిపెట్టడం. ఉదయం రోగులు రాకముందు సిబ్బంది పది నిమిషాలు కూడి, ఆ రోజు వచ్చేవారి జాబితాలో ఎవరికి కిట్ ఇవ్వాలో గుర్తు పెట్టుకుంటారు. వైద్యుడు గదిలోకి వచ్చేసరికి కిట్ రోగి చేతిలో ఉంటుంది. వైద్యుడు చెప్పవలసిందల్లా "ఇది తప్పకుండా చేయండి" అన్న ఒక్క మాట. ఆ ఒక్క మాట విలువ తక్కువని నేను అనడం లేదు. వైద్యుడు చెప్పినందుకే చేయించుకున్నామనే రోగులు ఎందరో ఉన్నారు.

శాన్ ఫ్రాన్సిస్కోలో ఒక ప్రభుత్వ ఆసుపత్రికి అనుబంధంగా ఉన్న క్లినిక్ ఇదే ఆలోచనను ఫ్లూ టీకాతో కలిపింది. టీకా వేసే నర్సే, గడువు వచ్చినవారికి కిట్ కూడా ఇచ్చి పంపింది. 2009లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం, రెండూ కలిపి ఇచ్చిన రోజుల్లో వచ్చినవారిలో స్క్రీనింగ్ 84 శాతానికి చేరింది, టీకా మాత్రమే వేసిన రోజుల్లో వచ్చినవారిలో 57 శాతం దగ్గర ఉండిపోయింది. ఎలాగూ నడుస్తున్న పనికి కొత్త పనిని జత చేస్తే అది నిలుస్తుంది. విడిగా ఒక మూల పెట్టిన కొత్త పని, దాన్ని మొదలుపెట్టిన మనిషి ఉద్యోగం మారగానే ఆగిపోతుంది.

రెండో పెద్ద చిక్కు రికార్డులు. క్లినిక్ మన స్క్రీనింగ్ శాతం ముప్ఫై అని చెబుతుంది. నిజంగా ముప్ఫైయేనా? రోగి నాలుగేళ్ల కిందట మరో ఊళ్లో కొలనోస్కోపీ చేయించుకున్నాడు. ఆ నివేదిక ఫ్యాక్సులో వచ్చింది, ఎవరో స్కాన్ చేసి "ఇతర పత్రాలు" అన్న చోట పెట్టారు. కంప్యూటర్ దృష్టిలో ఆ మనిషికి పరీక్ష కాలేదు. అతనికి మళ్లీ మళ్లీ ఉత్తరాలు వెళ్తాయి, అతనికి విసుగొస్తుంది. వైద్యుడికి ఆ జాబితా మీద నమ్మకం పోతుంది. నమ్మకం పోయిన జాబితాను ఎవరూ చూడరు. అందుకే ఏ క్లినిక్ అయినా ఈ పని మొదలుపెట్టేటప్పుడు కిట్లు కొనడానికి ముందు రికార్డులు శుభ్రం చేయాలని నేను పట్టుబడతాను. విసుగు పుట్టించే పనే. పాత నివేదికలు ఒక్కొక్కటే తెరిచి, పరీక్ష తేదీని సరైన గడిలో నమోదు చేయాలి. ఇది అయ్యాక శాతం ఒక్కసారిగా పెరిగినట్టు కనిపిస్తుంది. దాన్ని విజయంగా లెక్కపెట్టుకోకూడదు, అది ఉన్నదేమిటో తెలుసుకోవడం మాత్రమే. వైద్యులకు వారి వారి లెక్కలు చూపించే పని దీని తర్వాతే మొదలుపెట్టాలి, లేకపోతే మొదటి సమావేశం మొత్తం లెక్క తప్పన్న వాదంతోనే గడిచిపోతుంది.

పరీక్ష ఎంపిక గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే మన వైద్యుల్లో ఈ విషయంలో గట్టి అభిప్రాయాలున్నాయి. కొలనోస్కోపీయే ఉత్తమం కనుక అదే చెబుతామనేవారు చాలామంది. పాలిప్‌ను చూసి అప్పుడే తీసేయగల పరీక్షగా దాని విలువను ఎవరూ కాదనరు. కాని శాన్ ఫ్రాన్సిస్కోలో దాదాపు వెయ్యి మంది మీద జరిగి 2012లో వెలువడిన అధ్యయనం ఏం చెప్పిందో చూడండి. కొలనోస్కోపీ మాత్రమే సూచించినప్పుడు పరీక్ష పూర్తిచేసినవారు 38 శాతం. మల పరీక్ష సూచిస్తే 67 శాతం, రెండిట్లో ఏదైనా ఎంచుకోమంటే 69 శాతం. టెక్సస్‌లోని ఫోర్ట్ వర్త్‌లో బీమా లేని రోగులతో చేసిన మరో అధ్యయనంలో ఇంటికి ఫిట్ పంపితే 40.7 శాతం, ఉచిత కొలనోస్కోపీకి పిలిస్తే 24.6 శాతం స్పందించారు. ఏమీ చేయకుండా వదిలేస్తే 12.1 శాతమే. రోజు కూలి వదులుకుని, ముందురోజంతా పేగు శుభ్రం చేసే మందు తాగి, తోడుగా కారు నడిపే మనిషిని తెచ్చుకోమంటే, బస్సుల్లో తిరిగే రోగికి అది సూచన కాదు, తిరస్కారం. చేయించుకున్న పరీక్షే మంచి పరీక్ష అని ఇక్కడి వైద్యులు తరచూ అంటుంటారు, అందులో నిజముంది.

మంచి పద్ధతి తేవడంతో పాటు చెడ్డ పద్ధతిని మాన్పించడం కూడా ఈ పనిలో భాగమే. వైద్యుడు క్లినిక్‌లో వేలితో పరీక్ష చేసినప్పుడు గ్లవ్‌కు అంటుకున్న మలాన్ని అట్ట మీద రాసి, రక్తం లేదు కనుక స్క్రీనింగ్ అయిపోయిందనుకునే అలవాటు చాలాకాలం ఉండేది. ముదిరిన పాలిప్‌లు, క్యాన్సర్లలో ఈ ఒక్క నమూనా పట్టుకున్నది 4.9 శాతమేనని, ఇంట్లో తీసే ఆరు నమూనాల పద్ధతి 23.9 శాతం పట్టుకుందని మాజీ సైనికుల ఆసుపత్రుల్లో జరిగిన అధ్యయనం 2005లో తేల్చింది. రోగికి లేని భరోసా ఇచ్చే పరీక్ష, పరీక్షే లేకపోవడం కంటే ప్రమాదకరం.

ఇక ప్రభుత్వం పాత్ర. అట్లాంటాలోని ఫెడరల్ ప్రజారోగ్య సంస్థ సి.డి.సి. 2009లో పెద్దపేగు క్యాన్సర్ నియంత్రణ కార్యక్రమం మొదలుపెట్టి, 25 రాష్ట్రాలకు, నాలుగు గిరిజన సంస్థలకు నిధులిచ్చింది. అప్పట్లో ఆ డబ్బులో కొంత నేరుగా బీమా లేనివారికి పరీక్షలు చేయించడానికి వెళ్లేది. ఒక్కో మనిషికీ డబ్బు కట్టి పరీక్ష చేయిస్తే చేరగలిగేది కొద్దిమందినే. 2015లో దిశ మార్చారు. నిధులు పొందిన రాష్ట్ర ఆరోగ్య శాఖలు, విశ్వవిద్యాలయాలు క్లినిక్‌లతో ఒప్పందం చేసుకుని, నేను మొదట చెప్పిన నాలుగు పద్ధతులను క్లినిక్ రోజువారీ పనిలో నాటాలన్నారు. మొదటి ఏడాది 413 క్లినిక్‌ల లెక్క చూస్తే, సగటు స్క్రీనింగ్ 42.9 శాతం నుంచి 4.4 పాయింట్లు పెరిగింది. ఎక్కడ ఎక్కువ పెరిగిందో చూస్తే, స్క్రీనింగ్ గురించి రాతపూర్వకమైన విధానం ఉన్నచోట, ఈ పని తనదని భుజాన వేసుకున్న ఒక మనిషి ఉన్నచోట, మూడు నాలుగు పద్ధతులు కలిపి చేసినచోట. ఆ మనిషి వైద్యుడే కానక్కర్లేదు. నేను చూసినంతలో నర్సులు, క్వాలిటీ విభాగంలో పనిచేసేవారు ఈ బాధ్యతను ఎక్కువకాలం నిలబెడతారు. కాని వారి మాట చెల్లడానికి క్లినిక్ యాజమాన్యం వెనకనుండాలి, వారి పనిగంటల్లో దీనికి చోటివ్వాలి. ఉన్న పనికి అదనంగా దీన్నీ చూసుకోమంటే అది బాధ్యత అప్పగించడం కాదు.

ఫిట్ ఏటా చేయాలన్నది క్లినిక్‌లు మరిచిపోయే విషయం. ఈ ఏడాది నలభై శాతం సాధించిన క్లినిక్ వచ్చే జనవరికి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. షికాగోలోని ఒక కమ్యూనిటీ క్లినిక్‌లో 2014లో వెలువడిన అధ్యయనం దీన్నే చూసింది. గతేడాది పరీక్ష చేసినవారికి ఈ ఏడాది కిట్ ఇంటికి పంపి, ఫోన్ ద్వారా గుర్తుచేస్తే 82 శాతం మళ్లీ చేశారు. మామూలు పద్ధతిలో వదిలేసిన గుంపులో 37 శాతమే చేశారు. వీరంతా ఒకసారి ఒప్పుకుని చేసినవారే. అయినా ఆ రెండో గుంపులో సగానికి పైగా ఈసారి జారిపోయారు, ఇంటికి కిట్ గానీ ఫోన్ గానీ వెళ్లలేదు కనుక.

మన తెలుగువారి సంగతి ఇక్కడే చెప్పాలి. 2000 ముందు వెనకల సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకు ఈ దేశం వచ్చిన తరానికి ఇప్పుడు యాభై వస్తోంది, కొందరికి దాటింది. వీరికి మంచి బీమా ఉంది, పరీక్షకు పైసా ఖర్చు లేదు. అయినా "మేం శాకాహారులం, మా ఇంట్లో ఎవరికీ లేదు, నాకే బాధా లేదు" అన్న మూడు మాటలు తరచూ వింటాను. బాధ లేనప్పుడు చేసేదే స్క్రీనింగ్. ఈ జబ్బు వచ్చినవారిలో ఎక్కువమందికి కుటుంబంలో ముందు ఎవరికీ వచ్చి ఉండదు. శాకాహారం రక్షణ కవచం కాదు. పిల్లల దగ్గరే స్థిరపడిన తల్లిదండ్రుల విషయం ఇంకా కష్టం. కిట్‌తో వచ్చే ఇంగ్లీషు కాగితం వారికి అర్థం కాదు. మలం గురించి కొడుకుతో, కోడలితో మాట్లాడలేరు. మనవాళ్లు ఎక్కువగా వచ్చే క్లినిక్‌లు నడుపుతున్న వైద్యులు ఈ సభలో ఉన్నారు. బొమ్మలతో ఒక పేజీ, దాని కింద తెలుగులో నాలుగు వాక్యాలు, ఫోన్‌లో "అమ్మా, ఆ డబ్బా వచ్చిందా?" అని అడగగల తెలుగు సిబ్బంది ఒకరు ఉంటే చాలు. ఆ తల్లి కొడుక్కి చెప్పలేని మాట ఆ ఫోన్ చేసినవారికి చెబుతుంది.

చివరిగా, నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే విషయం. ఫిట్ పరీక్షలో రక్తం కనిపిస్తే స్క్రీనింగ్ పూర్తయినట్టు కాదు, సగమే అయినట్టు. కొలనోస్కోపీ జరగాలి. కైజర్‌లో 70 వేల మందికి పైగా రోగుల రికార్డులు పరిశీలించిన 2017 అధ్యయనం ప్రకారం, కొలనోస్కోపీ పది నెలలు దాటి ఆలస్యమైతే క్యాన్సర్ ముప్పు, అది ముదిరి కనిపించే ముప్పు పెరుగుతాయి. పేదలను చూసే క్లినిక్‌లలో ఫిట్ పాజిటివ్ వచ్చినవారిలో దాదాపు సగం మందికే కొలనోస్కోపీ సకాలంలో జరుగుతోంది. క్లినిక్‌ల పనితీరు కొలిచే లెక్కలో మాత్రం ఫిట్ చేసిన రోజే ఆ రోగి "అయినవారి" ఖాతాలో పడిపోతాడు. పాజిటివ్ వచ్చి ఆగిపోయిన మనిషి కూడా మన శాతంలో విజయంగానే కనిపిస్తాడు. ఇది నాకు ఏమాత్రం మింగుడుపడని సంగతి. ప్రతి క్లినిక్‌లో పాజిటివ్ వచ్చినవారి జాబితా విడిగా ఉండాలి, దాన్ని వారం వారం ఒక మనిషి చూడాలి, కొలనోస్కోపీ నివేదిక చేతికి వచ్చేదాకా ఆ పేరు జాబితాలోంచి తీయకూడదు.

ఖర్చు విషయంలో కొంత మేలు జరిగింది. ఫిట్ ఉచితమైనా, తర్వాతి కొలనోస్కోపీని చికిత్సగా లెక్కగట్టి రోగి మీద బిల్లు వేసేవారు. ప్రైవేటు బీమా సంస్థలు దాన్ని కూడా స్క్రీనింగ్‌లో భాగంగానే చూడాలని ఫెడరల్ ప్రభుత్వం 2022 జనవరిలో స్పష్టం చేసింది, వృద్ధులకు ప్రభుత్వమిచ్చే బీమా అయిన మెడికేర్ 2023లో అదే దారి పట్టింది. బీమా లేనివారికి మాత్రం ఇవేవీ వర్తించవు. డెలవేర్ రాష్ట్రం ఆ చిక్కుకు తన పద్ధతిలో జవాబు చెప్పింది. బీమా లేనివారి కొలనోస్కోపీకి రాష్ట్రమే డబ్బు కట్టింది. క్యాన్సర్ బయటపడితే రెండేళ్ల చికిత్స ఖర్చు భరించింది. రోగిని పరీక్ష దాకా చేయి పట్టుకుని తీసుకెళ్లడానికి ఆసుపత్రుల్లో నర్స్ నావిగేటర్లను నియమించింది. 2001లో అక్కడి నల్లజాతివారిలో స్క్రీనింగ్ 48 శాతం. 2009 నాటికి 74 శాతం, అంటే తెల్లవారితో సమానం. వారిలో ఈ క్యాన్సర్ మరణాలు 42 శాతం తగ్గాయి. డెలవేర్ చిన్న రాష్ట్రం, అక్కడ కుదిరింది పెద్ద రాష్ట్రాల్లో కుదరదనేవారున్నారు. నాకు ఆ వాదన ఒప్పుదల కాదు. పెద్ద రాష్ట్రంలోనూ ఒక కౌంటీ ఉంటుంది, ఆ కౌంటీలో ఒక ఆసుపత్రి, నాలుగు క్లినిక్‌లు, కొలనోస్కోపీ చేసే కొందరు గ్యాస్ట్రోఎంటరాలజిస్టులు ఉంటారు. వారిలో ఒక్కొక్కరు నెలకు రెండు కొలనోస్కోపీలు బీమా లేని పాజిటివ్ రోగులకు కేటాయిస్తామని రాసి ఇస్తే, ఆ నాలుగు క్లినిక్‌ల జాబితా కదులుతుంది. ఈ సభలో ఉన్న గ్యాస్ట్రోఎంటరాలజిస్టులను నేను అడుగుతున్నది అదే. బయట బల్ల మీద ఒక కాగితం పెట్టాను, మీ ఊరు, మీరు ఇవ్వగలిగిన సంఖ్య రాయండి. ఇక మీ ప్రశ్నలు తీసుకుంటాను.